కుంటకు వచ్చిన ఇటలీ జూమర్

మా మామయ్యకు కుడికంటి శుక్లం ఆపరేషన్ జగదల్‌పూర్‌లో చేయించాం. మూడో రోజు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్ళపాటు పెద్ద వెలుతురు వైపు చూడొద్దని డాక్టరు చెప్పి పంపారు. ఆ మాట విన్న రెండు గంటలకే ఆయన కప్పుకు వేలాడదీసే పన్నెండు దీపాల జూమర్ కొన్నారు.

నేను పక్కనే ఉన్నాను. రెండు గంటలకొకసారి కంట్లో చుక్కలు వెయ్యడం నా పని. అందుకే షాపు మా అత్తమ్మకు అప్పగించి, మా ఆయనతో పాటు నేనూ జగదల్‌పూర్ వెళ్ళాను.

మాది సుక్మా జిల్లా కొసన, శబరి ఒడ్డున ఉన్న కుంట. నా పుట్టిల్లు భద్రాచలం దగ్గర. కుంటలో మా వాళ్ళకు కిరాణా కొట్టు ఉంది. దాంతోపాటు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొని జగదల్‌పూర్ పంపుతారు. కింద ఇల్లు, ఇంటి ముందు కొట్టు, పైన చింతపండు గోదాము. ఆ గోదాము తలుపులను చెదలు తినేశాయి. జగదల్‌పూర్‌లో ఎవరో చనిపోయిన కలప కాంట్రాక్టరు బంగ్లా కూలగొడుతున్నారనీ, టేకు తలుపులు అమ్ముతున్నారనీ తెలిసి, ఎలాగూ పికప్ బండి ఉంది కదా అని ఆసుపత్రి నుంచి అటే వెళ్ళాం. మేం వెళ్ళింది తలుపుల కోసం. ఈ సంగతి తరవాత చాలా రోజులపాటు మా ఆయన ప్రతివాళ్ళకూ చెప్పుకోవలసి వచ్చింది.

బంగ్లాకు అప్పటికే పైకప్పు సగం లేదు. మిగిలిన సగం కింద, హాలు నడిమధ్య, ఆ జూమర్ వేలాడుతోంది. ఇత్తడి గొట్టం ఒకటి పై నుంచి దిగి, కింద పన్నెండు కొమ్మలుగా విచ్చుకుంది. ఒక్కో కొమ్మ చివర ఒక గాజు గోళం. కొన్ని తేనె రంగువి, కొన్ని పొగ రంగువి, రెండు మాత్రం లేత ఆకుపచ్చ. మూతి పైకి తెరుచుకుని చిన్న కుండల్లా ఉన్నాయి. బంగ్లా కాపలాదారు ముసలాయన హిందీలో చెప్పుకొచ్చాడు. అరవై ఏళ్ళ కింద కాంట్రాక్టరు ఇటలీ నుంచి ఓడలో తెప్పించాడట. ఆ గోళాలు అచ్చు పోసినవి కావట. మనిషి గొట్టంతో, నోటితో ఊది ఒక్కొక్కటీ చేశాడట. అందుకే ఏ రెండూ ఒకలా ఉండవట.

మామయ్య నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తారు. నేను వద్దంటున్నా వినలేదు. విరిగిన కప్పులోంచి ఎండ పడి గోళాలు మెరుస్తున్నాయి. గాజు లోపల చిన్న చిన్న గాలి బుడగలు కనిపిస్తున్నాయి. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"ఇన్నేండ్లు నేను చూసినయన్నీ మసకవే బిడ్డా," అన్నారు నాతో. "నాకు మొదట సాఫ్‌గ కనబడ్డది ఇదే."

మా ఆయన తలుపుల మాట ఎత్తారు. తలుపులు రేపైనా దొరుకుతాయన్నారు మామయ్య. ఆయన జీవితంలో అవసరం లేని వస్తువు కొనడం నేను చూడలేదు. కొట్టుకు వచ్చిన సబ్బుపెట్టెల అట్టలు కూడా దాచి, చీటీలకు వాడే మనిషి. అందుకే మా ఆయన ఇక తలుపుల మాట వదిలేశారు. కన్నతండ్రి మొదటిసారి ఏదో అడిగినట్టు అనిపించిందని తరవాత నాతో అన్నారు.

గోళాలను ఊడదీసి వరిగడ్డి చుట్టి, చింతపండు బుట్టల్లో పెట్టాం. ఇత్తడి చట్రం బండి వెనక పరుపు మీద పడుకోబెట్టాం. ఆ పరుపు మామయ్య పడుకోవడానికని ఇంటి నుంచి తెచ్చింది. ఆయన మాత్రం నల్లద్దాలతో బుట్టల మధ్య కూర్చున్నారు. నేను, మా ఆయన ముందు కూర్చున్నాం. దారిలో ఆగి చుక్కలు వేసినప్పుడల్లా ఒక బుట్టలో చెయ్యి పెట్టి, "పగల్లే," అని చెప్పేవారు, నేనేదో అడిగినట్టు.

తోంగ్‌పాల్ దాటిన తరవాత ఒక చోట తనిఖీ కోసం బండి ఆపారు. అది మాకు అలవాటే. ఎప్పుడూ చింతపండు బస్తాలు ఒకసారి తట్టి చూసి పొమ్మంటారు. ఆ రోజు బండి మీద కప్పిన పట్టా ఎత్తిన జవానుకు నల్లద్దాలు పెట్టుకున్న ముసలాయన, ఆయన పక్కన పరుపు మీద పన్నెండు చోట్ల వైర్లు బయటికి వేలాడుతున్న ఇత్తడి గొట్టాలు, చుట్టూ గడ్డిలో కప్పిన గుండ్రటి వస్తువులు కనిపించాయి. ఆ జవాను చాలా నెమ్మదిగా మూడు అడుగులు వెనక్కి వేశాడు.

"ఏ క్యా హై, దాదా?" అన్నాడు దూరం నుంచి.

మామయ్య దీపం అన్నారు. ఏం దీపం అని అతను అడిగాడు. ఇంట్లో పెట్టుకునే దీపం అన్నారు. ఇంట్లోకి పన్నెండు వైర్లు ఎందుకన్నాడు. పన్నెండు దీపాలు కాబట్టి అన్నారు మామయ్య. ఇలా నాలుగు సార్లు తిరిగింది. మేం దిగి చేతులు ఊపుతూ చెప్పినా లాభం లేకపోయింది. చివరికి అతని పై అధికారి వచ్చాడు. ఆయన దూరప్రాంతం మనిషి, మర్యాదస్తుడు. చెల్లెలి పెళ్ళిలో ఫంక్షన్ హాల్లో ఇలాంటిది చూశానన్నాడు. కానీ పరుపు మీద పడుకున్న జూమర్‌ను ఆయన ఎప్పుడూ చూడలేదు. వేలాడదీసి చూపిస్తే గుర్తుపడతానన్నాడు.

వేలాడదియ్యడానికి అక్కడ చెట్టు కూడా లేదు. ఉన్నదల్లా రోడ్డుకు అడ్డంగా ఉన్న గేటు కర్ర. మా ఆయనా ఇద్దరు జవాన్లూ కలిసి చట్రాన్ని కర్ర నడుముకు తాడుతో కట్టి, కొసను కొంచెం పైకి లేపి పట్టుకున్నారు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. మామయ్య తన చేత్తో నాలుగు గోళాలు బిగించారు. అప్పుడు ఆయన వెనక్కి వెళ్ళి, తల పక్కకు వంచి చూసి, "హాఁ, జూమరే," అన్నాడు.

సరిగ్గా అప్పుడే సుక్మా వైపు నుంచి బస్సు వచ్చి హారన్ కొట్టింది. గేటు దగ్గరున్న జవాను చేతికి అలవాటు. తాడు లాగేశాడు. కర్ర పైకి లేచింది, దానితో పాటు జూమరూ లేచింది. బస్సు దాని పక్క నుంచే మెల్లగా వెళ్ళింది. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి, ఎండలో మెరుస్తున్న గాజు గోళాల వైపు నోళ్ళు తెరుచుకుని చూశారు. మామయ్య గేటు పక్కన జూమర్ కింద నిలబడి రెండు చేతులూ పైకి చాచారు, పడితే పట్టుకుందామని. ఏదీ పడలేదు. కర్ర దిగిన తరవాత ఆయన వచ్చి నా ముందు కూర్చుని, చుక్కలు వెయ్యమన్నారు. అప్పటికి ఇంకా గంట టైముంది.

ఇంటికి చేరాక మా అత్తమ్మ గుమ్మంలోనే ఆపింది. తలుపులు ఏవని ఆమె అడగలేదు. ముందుగా మామయ్య కన్ను చూసింది, తరవాత బుట్టలు చూసింది. మామయ్య ఉత్సాహంగా ఒక తేనె రంగు గోళం బయటికి తీసి, దీన్ని ఇటలీలో ఒక మనిషి నోటితో ఊది చేశాడని చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే సరిపోయేది.

"నోటితోనా?" అంది అత్తమ్మ. "అంటే ఎంగిలిదేగా."

మామయ్య ఇది కాచిన గాజనీ, నిప్పులో ఎంగిలి ఉండదనీ చెప్పారు. గాజుకు లేదు సరే, లోపలి గాలికి ఉందా లేదా అని ఆమె అడిగింది. గాజులో ఉన్న బుడగలు ఆమె అప్పుడే చూసేసింది. ఆ బుడగల్లో ఉన్నది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఊపిరి. అరవై ఏళ్ళుగా అందులోనే ఉంది. అది తెచ్చి దేవుడి గది ఎదురుగా వేలాడదీస్తారా అని ఆమె ప్రశ్న. నాకు నవ్వు వచ్చింది కానీ, నిజం చెప్పాలంటే, ఆ బుడగల్లో ఇంకేం ఉంటుంది?

"శంఖం నోటితోనే ఊదుతరు గదనే," అన్నారు మామయ్య.

"శంఖం ఊదేటాయన మనకు ఎరికైనోడు," అంది అత్తమ్మ.

ఈ చర్చ రెండు రోజులు నడిచింది. ఆ రెండు రోజులూ గోళాలు వసారాలో బుట్టల్లోనే ఉన్నాయి. మూడో రోజు ఆమె తనే ఒక దారి కనిపెట్టింది. పెద్ద గంగాళంలో పసుపు నీళ్ళు కలిపి, పన్నెండు గోళాలకూ స్నానం చేయించింది. తుడిచి, ఎండలో ఆరబెట్టి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. అడుగున ఇటలీ అని రాసి ఉన్న చిన్న కాగితం ముక్క ఒకటి ఆ స్నానంలో ఊడిపోయింది. మామయ్య దాన్ని ఆరబెట్టి తన పర్సులో పెట్టుకున్నారు.

అసలు చిక్కు వేలాడదీసే రోజు వచ్చింది. కరెంటు పని చేసే మేస్త్రీ వచ్చి, స్లాబుకున్న ఫ్యాను కొక్కేనికి జూమర్ తగిలించి, గోళాలు గలగలమంటున్నాయని ఒక్కోదాని అడుగునా లప్పం పెట్టి గట్టిగా బిగించి, నిచ్చెన దిగాడు. దిగి పైకీ కిందికీ చూశాడు. మేమూ చూశాం. మా హాలు స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. జూమర్ ఇత్తడి గొట్టమే ఐదడుగులు. బంగ్లా కప్పు రెండు అంతస్తుల ఎత్తున ఉండేదన్న సంగతి మాలో ఎవరికీ గుర్తుకు రాలేదు. గోళాలు మా ఛాతీల దగ్గర వేలాడుతున్నాయి.

గొట్టం కోసేస్తే సరి అన్నాడు మేస్త్రీ. రంపం బ్లేడు సంచిలోంచి తీశాడు కూడా. మామయ్య ఆ బ్లేడు చేతిలోంచి తీసుకున్నారు.

"చేసినోడు లెక్క లేకుండ చేస్తడా? గొట్టం ఇంతుండాల్నని పెట్టిండు. మనం ఎవరం కొయ్యనికి?"

అలా నెల రోజులు గడిచింది. వంటింట్లోంచి కొట్టులోకి పోవాలంటే హాలు దాటాలి. హాలు దాటాలంటే వంగాలి. అత్తమ్మ నడుము నొప్పితో గోడ పక్కగా వెళ్ళేది. మా ఆయన పొడగరి, రోజూ ఒకసారైనా తల తగిలించుకునేవారు. ఇంటికి వచ్చిన బంధువులు జూమర్ కింద నుంచి వంగి లేచేసరికి సరిగ్గా మామయ్య కుర్చీ ఎదుట ఉండేవారు. భోపాలపట్నం నుంచి వచ్చిన మామయ్య పినతండ్రి, వరసకు పెద్దవాడు, అలా వంగి లేచి, అన్న కొడుక్కి తాను దణ్ణం పెట్టినట్టయిందని మనసు కష్టపెట్టుకుని కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

స్లాబు ఎత్తడం కుదరదు, పైన చింతపండు గోదాము ఉంది. జూమర్ తీసెయ్యడం మామయ్యకు కుదరదు. ఒక రోజు మధ్యాహ్నం భోజనం చేస్తూ ఆయన, "పైకి పోదు. అందుకే కిందికి పోవాలె," అన్నారు. ఏది కిందికి పోవాలని అడిగాను. నేల అన్నారు.

మా ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. ఇప్పుడు తలచుకుంటే మేమెందుకు ఒప్పుకున్నామా అనిపిస్తుంది. కానీ నెల రోజులు వంగి నడిచిన మనుషులకు ఏ ఉపాయమైనా మంచిదే అనిపిస్తుంది. తాపీ మేస్త్రీ, ఇద్దరు కూలీలు వచ్చారు. హాలు నడుమ బండలు తీసి, ఎనిమిదడుగుల చదరం, మూడడుగుల లోతు తవ్వారు. చుట్టూ సిమెంటు చేసి, దిగడానికి మూడు మెట్లు కట్టారు. ఇప్పుడు జూమర్ కింద మనిషి నిటారుగా నిలబడవచ్చు. మొదట మామయ్యే దిగి నిలబడ్డారు. ఆయన తల మా నడుముల దగ్గర ఉంది. పైకి చూసి, చాలా తృప్తిగా, "గిదీ ఎత్తంటే," అన్నారు.

తవ్విన మట్టి బయట కుప్ప పోశాం. దాంతో ఊళ్ళో అందరికీ తెలిసింది, మా ఇంట్లో గొయ్యి తవ్వారని. ఎందుకు తవ్వారని అడిగిన వాళ్ళకు మేం నిజమే చెప్పాం. దీపం వేలాడదియ్యడానికి అన్నాం. అది విని ఒక్కరూ నమ్మలేదు. దీపానికి కొక్కెం కావాలి గానీ గొయ్యి ఎందుకని అందరూ అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. నిధి దొరికిందన్నది వాళ్ళకు సులువుగా నమ్మకం కుదిరే సంగతి. వారం తిరిగేసరికి పక్కనున్న ఎర్రబోరు ఊళ్ళో కూడా, మేం బంగారు బిందె తీశామని చెప్పుకుంటున్నారు. కొట్టుకు వచ్చేవాళ్ళు ఉప్పు ప్యాకెట్ అడిగి, మా వెనకాల తలుపు వైపు మెడ సాచి చూసేవారు. రెండు ఇళ్ళ అవతలి వాళ్ళు తమ హాలు కూడా ఒక చోట తవ్వి చూసుకున్నారని తరవాత తెలిసింది.

ఒక రోజు పొద్దున ఉసూర్ నుంచి ఒకాయన వచ్చాడు. బస్సులు మారి, తిరుగుడు దారిలో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చాడట. సన్నగా, తెల్లచొక్కాతో, చంకలో చిన్న సంచితో ఉన్నాడు. భూమిలో ధనం ఎక్కడ ఉందో తను చెప్పగలనన్నాడు. మామయ్య మా దగ్గర ధనం లేదన్నారు. "ఉన్నోళ్ళందరు మొదాలు గట్లనే అంటరు," అని ఆయన ఓపిగ్గా గోతిలోకి దిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని గంటసేపు ఉన్నాడు. అత్తమ్మ ఆయనకు పై నుంచే టీ గ్లాసు అందించింది. చివరికి కళ్ళు తెరిచి, ఈ నేల కింద ఏమీ లేదన్నాడు. ఆ మాట ఆయన మా ఇంట్లో అందరికంటే బాధగా అన్నాడు. మరి ఎందుకు తవ్వారని అడిగాడు. మామయ్య పైకి చూపించారు. ఆయన అంతసేపూ జూమర్ కిందే కూర్చుని ఉన్నాడు, తల మాత్రం ఎత్తి చూడలేదు. ఇప్పుడు చూశాడు. అన్నం తిని వెళ్ళమంటే తిన్నాడు. వెళ్ళేటప్పుడు, దీపం కోసమే తవ్వారని ఊళ్ళో తను చెబుతానని మాటిచ్చాడు. చెప్పాడో లేదో కానీ, ఆ తరవాత వచ్చే జనం ఇంకా పెరిగారు. ఉసూర్ నుంచి వచ్చిన మనిషి కూడా ధనం ఎక్కడుందో చెప్పకుండా వెళ్ళాడంటే, వాటా ఇచ్చి పంపామని అనుకున్నారట.

ఇదంతా జరుగుతున్నా జూమర్ మాత్రం ఇంకా వెలగలేదు. దాని హోల్డర్లు మరతో తిప్పే సన్న బల్బులవి. కుంటలో దొరికేవన్నీ నొక్కి తిప్పే రకం. ఆన్‌లైన్‌లో చూస్తే మా ఊరికి పంపరని వచ్చింది. చివరికి భద్రాచలంలో మా పుట్టింటి అడ్రసుకు తెప్పించాం. మా తమ్ముడు మోటారు సైకిల్ మీద తెచ్చి ఇచ్చి, గొయ్యి చూసి, నన్ను పక్కకు పిలిచి, అక్కా అంతా బాగానే ఉంది కదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. నా మొహం అతనికి నమ్మకం కలిగించినట్టు లేదు.

ముసురు పట్టి ఇల్లంతా చీకటిగా ఉన్న ఒక పగటిపూట మామయ్య స్విచ్ వేశారు. పన్నెండూ ఒకేసారి వెలిగాయి. గోడల మీద తేనె రంగు, పొగ రంగు మరకలు పరుచుకున్నాయి. బుడగల నీడలు సన్నటి చుక్కల్లా స్లాబు మీద పడ్డాయి. అత్తమ్మ కూడా చేతిలో చాట పట్టుకుని నిలబడి చూసింది. అంత అందమైన వస్తువు మా ఇంట్లో ఉందని అంతదాకా నాకు అనిపించలేదు. అప్పటిదాకా తలకు తగులుతుందనే అనిపించేది.

ఆ సమయానికి మా దగ్గరికి ఏళ్ళుగా చింతపండు తెచ్చే దోర్ల తెగ అవ్వ కొట్టులో ఉంది. లోపలికి పిలిచాం. వచ్చి, గోతి గట్టు మీద కూర్చుని, పైకి కిందికి చూసింది.

"మంచిగుంది," అంది. "దీని కింద కూసోని ఏం జేస్తరు?"

మామయ్య నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆ ప్రశ్న మాకు నిజంగానే ఎప్పుడూ తట్టలేదు. అవ్వ కాసేపు చూసి, ఇక్కడ వెలుతురు బాగుంది, చింతపండు గింజ తీసుకోవచ్చు కదా అంది. మర్నాడు పై గోదాములోంచి రెండు బస్తాలు దించి, గోతి గట్టు మీద నలుగురు ఆడవాళ్ళం కూర్చుని గింజ తీశాం. కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చోవచ్చు, నడుము నొప్పి లేదు, గింజలన్నీ గోతిలోకే పడతాయి. ఇంత సౌకర్యంగా ఆ పని మేం ఎన్నడూ చెయ్యలేదు. గొయ్యి తవ్వినందుకు ఇప్పుడు కారణం దొరికిందని మామయ్య నాలుగు రోజులు ఉషారుగా తిరిగారు.

ఐదో రోజు శబరి పొంగింది.

గోదావరి వెనక్కి తన్నితే శబరి నీళ్ళు కుంటలోకి రావడం మాకు కొత్త కాదు. సామాన్లన్నీ పైకి చేర్చి, మేమూ చింతపండు బస్తాల మధ్య గోదాములోకి ఎక్కాం. జూమర్ విప్పడానికి వేళ లేకపోయింది. లప్పం పెట్టి బిగించిన గోళాలు ఒక పట్టాన ఊడి రావు. నీళ్ళు ముందు గొయ్యి నింపాయి, తరవాత హాలు. మామయ్య లోపలి మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తూ, నీళ్ళు ఎక్కడికి వచ్చాయో గంటకోసారి మాకు చెప్పేవారు. మోకాళ్ళ దాకా అన్నారు. నడుము దాకా అన్నారు. మూడోసారి లేచి పైకి వచ్చి పడుకున్నారు. నేను దిగి చూశాను. ఎర్రటి నీళ్ళ మీద ఇత్తడి గొట్టం ఒక్కటే కనిపిస్తోంది, అది నీళ్ళలోంచి మొలిచినట్టు.

రెండు రోజులకు నీళ్ళు తీశాయి. హాలంతా బురదనీళ్ళు సమంగా పరుచుకుని ఉన్నాయి. మామయ్య అందరికంటే ముందు దిగి, జూమర్ వైపు గబగబా నడిచారు. అక్కడ గొయ్యి ఉందన్న సంగతి, తవ్వించిన ఆయనకే గుర్తు లేదు. రెండు అడుగులు వేసి మూడో అడుగుకు ఛాతీ దాకా దిగిపోయారు. బురదలో నిలబడి, ఎవరో తనను మోసం చేసినట్టు చుట్టూ చూశారు. మా ఆయన చెయ్యి అందించబోయి ఆగిపోయి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆపుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

మామయ్య నవ్వలేదు. ఆయన చూపు పైన ఉంది. "చేపలు," అన్నారు.

పన్నెండు గోళాల నిండా నీళ్ళు అలాగే నిలిచి ఉన్నాయి. పైన తెరిచిన మూతుల్లోంచి శబరి వచ్చి, వెళ్ళేటప్పుడు తన నీళ్ళు వదిలేసి వెళ్ళింది. అడుగున లప్పం గట్టిది, చుక్క కారలేదు. బురద అడుగుకు దిగి, పై నీళ్ళు తేటపడ్డాయి. మూడు గోళాల్లో వేలెడంత చేపపిల్లలు తిరుగుతున్నాయి. లేత ఆకుపచ్చ గోళంలో రెండు ఉన్నాయి. ఒక్క గాజు కూడా పగల్లేదు.

మేం ఇంకా వాటిని చూస్తుండగానే, ఇళ్ళల్లో నష్టం రాసుకునే ఉద్యోగి ఒకతను ఫోను పట్టుకుని లోపలికి వచ్చాడు. పాపం కుర్రతనం వదలని మనిషి, మోకాళ్ళ దాకా బురద. బియ్యం, బీరువా, మంచాలు అన్నీ రాసుకున్నాడు. జూమర్ దగ్గరికి వచ్చి ఆగాడు. ఇదేమిటని హిందీలో అడిగాడు. మా ఆయన దీపం అని చెప్పబోయారు. ఆ మాట చెప్పి ఇప్పటిదాకా ఎవరినీ ఒప్పించలేకపోయాం. గోతిలోంచి మామయ్య, నీరసంగా, ఏదైనా రాసుకో బాబూ అన్నారు. అతను గోతిని చూశాడు, అందులో ఛాతీ దాకా నీళ్ళలో ఉన్న యజమానిని చూశాడు, వేలాడుతున్న గాజుకుండల్లో చేపల్ని చూశాడు. ఫొటో తీసుకుని, చేపల పెంపకం, ఒక చెరువు, పన్నెండు తొట్లు అని రాసుకున్నాడు. చేపలకు నష్టం జరిగిందా అని అడిగాడు. లేదు, వచ్చాయి అన్నాను నేను.

చేపల్ని అత్తమ్మ బిందెలోకి తోడుకుని తనే తీసుకెళ్ళి నదిలో వదిలింది.

మామయ్య ఆ రోజంతా వసారాలోనే కూర్చున్నారు. కొట్టు కడిగే పనిలో పడ్డాం కాబట్టి నేనూ పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్న హాల్లో చప్పుడు విని వెళ్ళాను. ఆయన గోతి మీద అడ్డంగా పలకలు పరిచి, స్టూలు ఎక్కి రంపం బ్లేడుతో గొట్టం కోస్తున్నారు. నేను కింద చట్రం పట్టుకున్నాను. మా ఆయనను పిలుస్తానంటే వద్దన్నారు. ఇత్తడి పొడి ఆయన అద్దాల మీద, నా చేతుల మీద పడింది. కోత అయ్యేసరికి పదిన్నర దాటింది. ఆ సమయమంతా ఆయన ఒకే ఒక మాట అన్నారు.

"ఇది మనింటికి వచ్చింది. మనింటి లెక్క ఉండాలె."

గోతిలోని బురదను మేం ఎత్తిపోయలేదు. దాని మీదే ఇంకా మట్టి పోసి, దిమ్మిస కొట్టి, పాత బండలు పరిచారు. ఎంత కొట్టినా అక్కడ నేల వానాకాలంలో కొంచెం కుంగుతూనే ఉంది. జూమర్ ఇప్పుడు అరడుగు గొట్టంతో, కొత్త బల్బులతో స్లాబుకు దగ్గరగా ఉంది. దాని కింద ఎవరూ వంగనక్కర్లేదు. వచ్చినవాళ్ళు నేరుగా నడిచి వచ్చి కుర్చీలో కూర్చుని కాఫీ తాగి వెళతారు. భోపాలపట్నం పెద్దాయన కూడా వచ్చి వెళ్ళాడు.

మొన్న దసరాకు బూజు దులుపుతుంటే మామయ్య నా వెనక వచ్చి నిలబడ్డారు. జూమర్ వైపు చూసి, బాగుందా అని అడిగారు. బాగుంది మామయ్యా అన్నాను.

"బాగనే ఉంది," అన్నారు. "కని ఒక్కరు గూడ చూస్తలేరు బిడ్డా."

ఎన్ని నెలలుగానో నేనూ చూడలేదని అప్పుడు తెలిసింది. చీపురు పక్కన పెట్టి, పట్టపగలే స్విచ్ వేశాను. ఇద్దరం కుర్చీలు లాక్కుని, తల ఎత్తి, దాని కింద కూర్చున్నాం. కొట్టులో ఎవరో పంచదార కోసం రెండుసార్లు పిలిచారు. మా ఆయన ఉన్నారు కదా, ఇస్తారులే అన్నారు మామయ్య.